మైదానం రిజిస్టర్‌లో ముప్పై ఏడో పేజీ

గురువారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు పనసగుడ గ్రామ సచివాలయంలో ఫోన్ మోగింది. పది నలభై రెండయ్యేసరికి ఆ గదిలో కుర్చీలో కూర్చున్న మనిషంటూ లేరు.

"రిజిస్టరైంది! మన లీగ్ రిజిస్టరైంది!"

అరిచింది మహిళా పోలీస్ నీలవేణి. సచివాలయానికి వచ్చే ఆడవాళ్ల ఫిర్యాదులు చూసుకోవడం ఆమె ఉద్యోగం. యూనిఫాం ఉంది, లాఠీ లేదు. జీపు లేదు, పాత స్కూటీ ఉంది. ఆ యూనిఫాంలోనే బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, వరండాలో తొమ్మిది గంటల నుంచీ కాచుక్కూర్చున్న సోనిని రెండు చేతులా ఎత్తేసింది. సోని పనసగుడ వాలీబాల్ జట్టు కెప్టెన్. ఆరడుగులకి నాలుగంగుళాలే తక్కువ. ఆమెని ఎత్తడం మాటలు కాదు.

"దించక్కా, దించు! మళ్లీ ఓపాలి సెప్పు. నమ్మబుద్ధి కావట్లేదు."

"ఏజెన్సీ మహిళల వాలీబాల్ లీగ్. ఎనిమిది ఊళ్లు, ఎనిమిది జట్లు. జిల్లా క్రీడల ఆఫీసు నుంచి నంబర్ కూడా ఇచ్చారు. మన కొండల్లో ఆడవాళ్ల పేరు మీద లీగ్ రిజిస్టరవడం ఇదే మొదటిసారట. ఆ మాట ఆఫీసరు గారే అన్నారు."

సోని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కళ్లు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి. టైడా నుంచి డుంబ్రిగుడ దాకా ఎనిమిది ఊళ్లు తిరిగి, తోటల్లో కాఫీ పండు కోస్తున్న ఆడపిల్లలని ఒక్కొక్కళ్లనే బతిమాలి, జట్లు కట్టించింది ఆ గుంటే, ఆ పిల్లే మరి.

నీలవేణికి పెళ్లయి నలభై ఎనిమిది రోజులు. ఆ నలభై ఎనిమిది రోజులుగా ఆమెకి లోకంలో ప్రతిదీ బాగానే కనిపిస్తోంది. పొద్దున్నే స్కూటీ ఒక్క కిక్కుకే స్టార్టయితే సంతోషం. భర్త ఉదయ్ కట్టిచ్చిన డబ్బాలో అన్నం కింద ఓ బెల్లం ముక్క దాగి ఉంటే సంతోషం. అలాంటి మనిషికి ఇంత పెద్ద కబురు వస్తే ఆగుతుందా? పక్క బల్ల దగ్గరున్న డిజిటల్ అసిస్టెంట్ ప్రసన్న చేతులు పట్టుకుని ఊపేసింది.

"ప్రసన్నా, రిజిస్టర్ తియ్యి. ఒక్క పనే మిగిలింది. మైదానం మాకే కేటాయించినట్టు పంచాయతీ పత్రం రేపు సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. పంపకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్లీ వచ్చే ఏడాదే."

"దానిదేముంది అక్కా, ఐదు నిమిషాల పని" అంది ప్రసన్న. నవ్వింది కానీ లేవడానికి కొంచెం ఆలస్యం చేసింది.

ఆ రోజు ఇంకా తెరవని బీరువా తాళం తీసి, మైదానం బుకింగుల రిజిస్టర్ బల్ల మీద పెట్టేసరికి గోడ గడియారంలో పదకొండూ ఐదు.

నీలవేణి పేజీలు తిప్పింది. ముప్పై నాలుగు. ముప్పై ఐదు. ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది.

ఆగింది. మళ్లీ వెనక్కి తిప్పింది. ముప్పై ఆరు తర్వాత ముప్పై తొమ్మిదే. మధ్యలో కుట్టు దగ్గర, ఎలక కొరికినట్టు, సన్నటి కాగితం పళ్లు మిగిలాయి.

"మన పేజీ ఏదక్కా?" సోని రిజిస్టర్ మీదికి వంగింది.

నవంబర్ ఇరవై అయిదున, మంగళవారం నాడు, ఎనిమిది మంది కెప్టెన్లూ కలిసి వచ్చి ఆ పేజీ నింపారు. డిసెంబర్ పదమూడు నుంచి జనవరి నాలుగు దాకా మైదానం లీగ్‌కి కావాలని రాశారు. ఎనిమిది పేర్లూ ఎనిమిది సంతకాలూ పట్టాలంటే నిండు పేజీ కావాలి కాబట్టి, ముప్పై ఆరులో సగం ఖాళీ వదిలి ముప్పై ఏడులో మొదలుపెట్టారు. అడుగున 'ఈ తేదీలకు వేరే బుకింగ్ లేదు' అని కార్యదర్శి సంతకం చేశారు.

ఇప్పుడు ఆ ముప్పై ఏడు లేదు. వదిలేసిన సగం పేజీ మాత్రం ఖాళీగా లేదు. నీలి సిరాతో నాలుగు లైన్లున్నాయి. 'దుర్గాప్రసాద్ క్రికెట్ ట్రోఫీ. డిసెంబర్ 13 నుంచి జనవరి 4 వరకు. దరఖాస్తు తేదీ నవంబర్ 24, ఉదయం 11.15.' పక్కనే మైదానం పరిశీలించినట్టు ఫోటో అంటించి ఉంది. మూలన తేదీ, టైము: 24వ తారీఖు, పదకొండూ ఇరవై.

అంటే వీళ్లకంటే ఒక్క రోజు ముందు!

"ఇది నువ్వు చూశావా ప్రసన్నా?"

"చూసే ఉంటానక్కా. కిరాణా కొట్టు దుర్గాప్రసాద్ గారు వచ్చి రాసుకుని వెళ్లారు. మర్నాడు మీరొచ్చినప్పుడు వెనక పేజీ చూడాలని నాకు తట్టలేదు."

"ఫోటో ఎవరు తీశారు?"

"ఆయనే. దరఖాస్తుదారే తీసి ఇవ్వాలి కదా."

"పేజీ ఎప్పుడు పోయింది?"

"నాకేం తెలుసక్కా? తాళం నా దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ పగలంతా బీరువా తెరిచే ఉంటుంది. పదిమంది వస్తారు, పోతారు."

ఆ సంతకం పెట్టిన కార్యదర్శి డిసెంబర్ ఒకటిన బదిలీ మీద వెళ్లిపోయారు. నీలవేణి అక్కడికక్కడే ఫోన్ చేసింది. "రోజుకి వంద సంతకాలు పెట్టేవాణ్ణమ్మా. కాగితం కళ్లతో చూడందే ఏమీ చెప్పలేను" అని ఆయన పెట్టేశారు.

నీలవేణి సోని వైపు తిరిగింది. "రసీదుందా?"

సోని బిత్తరపోయింది. "రసీదు ఏటికక్కా? పుల్ల పాతాం కదా!"

నీలవేణికి కోపం రావాలి, రాలేదు. తనూ ఈ కొండల మనిషే. చోళ్లు, అంటే రాగులు, నూర్చడానికైనా, పెళ్లి పందిరికైనా జాగా కావాలంటే కర్రకి విస్తళ్లు కుట్టే అడ్డాకు కట్టి అక్కడ పాతుతారు. ఆ కర్ర ఉన్నంతకాలం ఆ జాగాలో ఇంకో మనిషి కాలు పెట్టడు. తాతల నాటి నుంచీ అదే బుకింగ్. కాగితం ఆఫీసు ముచ్చట కోసం, అంతే. అలవాటు లేని రసీదు అడగాలని ఎనిమిది మందిలో ఒక్కరికీ తోచలేదు.

*

పదకొండున్నరకి బయట మోటారు సైకిల్ ఆగింది. హెడ్ కానిస్టేబుల్ వరహాలరావు దిగాడు. వెనక సీటు మీద నుంచి మైదానం కాపలాదారు సుక్రు కూడా దిగాడు. దిగాడనడం కంటే దించబడ్డాడనాలి. చొక్కా కాలర్ వరహాలరావు గుప్పిట్లో ఉంది.

"దొంగ దొరికేశాడు మేడమ్. మీరింక శ్రమ పడక్కర్లేదు" అన్నాడు వరహాలరావు. పోయిన నెల పంపుసెట్టు దొంగని తనకంటే రెండు రోజులు ముందు నీలవేణి పట్టుకుంది. ఆ సంగతి అతను మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

"ముందు కాలర్ వదలండి హెడ్డు గారూ. ఏటి సాక్ష్యం?"

"రోజూ పొద్దున్న ఈ ఆఫీసు తుడిసేది ఎవడు? ఈడే. సలికాలం మైదానం మూల మంటేసుకుని కూకునేది ఎవడు? ఈడే. కాగితం కనపడింది, సింపాడు, మంటెట్టాడు. కేసు క్లోజ్."

సుక్రు అరవై దాటిన మనిషి. చొక్కా సర్దుకుని, వరహాలరావు కళ్లలోకి సూటిగా చూశాడు.

"బావూ, నాకు అచ్చరం ముక్క రాదు. పొత్తకంలో అన్నేసి కాయితాలుంటే, సరీగ్గా మా గుంటల కాయితమే సింపడానికి నాకెవులు సెప్పారు? మంటకైతే నాకు పుల్లల్లేవేటి, సుట్టూరా కొండే గదా?"

సోని కిసుక్కుమంది. వరహాలరావు మొహం కందగడ్డయింది.

"నోరు బాగా లెగుత్తంది నీకు! స్టేషన్‌కొచ్చి మాటాడు."

"తొందరేముంది?" అంది నీలవేణి. "సాయంత్రం నాలుగింటి దాకా ఆగండి. అప్పటికి నేను అసలు మనిషిని చూపించకపోతే సుక్రు తాతని తీసుకెళ్లండి, అడ్డు రాను."

"మీరెవరు మేడమ్ నాకు టైమివ్వడానికి? మీది యూనిఫాం తొడిగిన గుమాస్తా ఉద్యోగం. కేసులు తేల్చేది మేము."

"ఈ గుమాస్తాకి చిన్న అనుమానం ఉంది, తీర్చండి. పేజీ పోయిందని మీకెవరు చెప్పారు?"

"దుర్గాప్రసాద్ ఫోన్ చేశాడు. రిజిస్టర్లో కాగితం చింపేశారు, వాచ్‌మన్ మీద అనుమానం అన్నాడు."

"ఎన్నింటికి?"

వరహాలరావు విసుగ్గా ఫోన్ తీసి చూశాడు. "పదకొండూ పది. అయితే ఏటి?"

"ఏమీ లేదు" అంటూ నీలవేణి తన చిన్న నోటుబుక్కులో రెండే అంకెలు రాసుకుంది. 11.05. 11.10. రిజిస్టర్ తెరిచిన వేళ ఒకటి, దుర్గాప్రసాద్ ఫోన్ చేసిన వేళ ఇంకొకటి. ఆ ఐదు నిమిషాలూ గదిలో ఉన్నది ముగ్గురే. తను, సోని, ప్రసన్న. తను పాత కార్యదర్శికి తప్ప ఎవరికీ చెప్పలేదు, అదీ పదకొండుంబావుకి. సోని తన పక్క నుంచి కదల్లేదు.

ప్రసన్న వైపు చూడాలనిపించలేదు ఆమెకి. రోజూ ఒక్క బల్ల మీద అన్నం తింటారిద్దరూ. ఉదయ్ పెట్టిన బెల్లం ముక్కలో సగం రోజూ ప్రసన్నదే. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకుంది.

"రిజిస్టర్ నేను తీసుకుంటున్నాను. పదండి, మైదానం చూద్దాం. మీరూ రండి హెడ్డు గారూ. సాక్షి మీరే."

*

మైదానం సచివాలయం వెనకే ఉంది. పన్నెండూ పదికి నీలవేణి దాని మధ్యలో నిలబడి, ముప్పై ఆరో పేజీ ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఫోటోలో మైదానం అద్దంలా ఖాళీగా ఉంది.

"సుక్రు తాతా, నవంబర్ ఇరవై నాలుగు, సోమవారం. పొద్దున్న పదకొండింటికి ఇక్కడేముంది?"

"ఏటుంటాది? చోళ్లు. ఊరూరంతా ఈడే నూరిసింది. కుప్పల మీద కుప్పలు. నడవడానికి దారి లేదు. నానైతే కుప్పల మజ్జిలోనే తొంగున్నాను, పందులు రాకుండా."

"ఎప్పుడు ఖాళీ చేశారు?"

"శుక్రోరం ఆకరు కుప్ప ఎత్తీసినారు. శనోరం పొద్దున్నే మా గుంటలొచ్చి పుల్ల పాతీసినారు."

శనివారం అంటే ఇరవై తొమ్మిది. నీలవేణి రాసుకుంది.

వరహాలరావు నవ్వాడు. "ఈడు చెప్పడం, మీరు రాసుకోవడం! ముద్దాయి మాట సాక్ష్యమా? ఫోటో మీద తేదీ ఉంది. కంప్యూటర్ వేసిన తేదీ."

"ఫోన్‌లో తేదీ వెనక్కి తిప్పి తీస్తే, ఫోటో మీదా ఆ వెనకటి తేదీయే పడుతుంది హెడ్డు గారూ. నా దగ్గరా ఒక ఫోటో ఉంది. ఇది తిప్పింది కాదు."

తన ఫోన్ తీసి, ఒక్క క్షణం తటపటాయించి, అతని చేతికిచ్చింది. అందులో నీలవేణి, ఉదయ్ ఉన్నారు. పెళ్లయి సరిగ్గా నెలైన రోజది, నవంబర్ ఇరవై నాలుగు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఉదయ్ తోట నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ఈ మైదానంలోనే ఫోటో దిగాడు. అతని నెత్తి మీద చోడి గడ్డి కిరీటం. ఇద్దరి వెనకా మనిషి ఎత్తు కుప్పలు. ఓ కుప్ప పక్కన సుక్రు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఆ రోజే ఉదయ్ వాళ్లమ్మకి పంపించాం. పంపిన టైము వాళ్ల ఫోన్‌లోనూ ఉంటుంది. కావాలంటే అడగండి."

వరహాలరావు ఫోటో దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. "మీ ఆయన బాగున్నాడు మేడమ్, కిరీటంతో" అన్నాడు చివరికి. ఎత్తిపొడుపే కానీ అందులో పస తగ్గింది.

"థాంక్సండీ!" అంది నీలవేణి, నిజంగానే మురిసిపోతూ. వెంటనే సర్దుకుంది. "ఇప్పుడు రిజిస్టర్‌లో ఫోటో చూడండి. సోనీ, నువ్వూ చూడు. కుడి వైపు మూల ఏమైనా కనిపిస్తోందా?"

సోని వంగి చూసింది. ఊపిరి పీల్చుకుంది. పరిగెత్తుకుంటూ మైదానం మూలకి వెళ్లి, అక్కడ నిలబడి చెయ్యెత్తింది. ఆమె పక్కన నేలలో నిటారుగా ఒక కర్ర. దాని తలకి ఎండిన అడ్డాకులు.

ఫోటోలోనూ అదే మూలన అదే కర్ర ఉంది.

"ఇరవై తొమ్మిదిన పాతిన కర్ర ఇరవై నాలుగున తీసిన ఫోటోలోకి ఎలా వచ్చింది హెడ్డు గారూ?" అంది నీలవేణి. "ఈ ఫోటో తీసిన మనిషికి అదొక చెత్త పుల్లలా కనిపించి ఉంటుంది. కొండల మనిషైతే ఆ కర్ర ఉన్న ఫోటో చచ్చినా అంటించడు. దొంగ బుకింగ్ మధ్యలో మా బుకింగే నిలబడి ఉంది చూడండి."

సుక్రు గడ్డం ఎత్తి నిలబడ్డాడు. "నా కాపలాలో ఆ పుల్ల ఈగ కూడా ముట్టలేదు" అన్నాడు.

వరహాలరావు గొణుక్కుంటూ బండి వైపు నడిచాడు. సుక్రు కాలర్ జోలికి మాత్రం మళ్లీ పోలేదు.

*

ఒంటి గంటా పదికి దుర్గాప్రసాద్ కిరాణా కొట్టు ముందు స్కూటీ ఆగింది. వెనకే మోటారు సైకిల్. దుర్గాప్రసాద్ కొండ కింది మైదాన ప్రాంతం నుంచి వచ్చి పాతికేళ్లయింది. సంతలో ఏది కొనాలన్నా ఆయన త్రాసు మీదుగానే వెళ్లాలి.

"రండి రండి! ఏటమ్మా, పెళ్లికూతురా, కబుర్లేటి? హెడ్డు గారూ, దొంగ ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుంటాడు లెండి, ఎవడో ఒకడు" అంది నీలవేణి హాయిగా నవ్వుతూ. "నేనొచ్చింది మిమ్మల్ని మెచ్చుకోడానికి. ఈ వయసులో క్రికెట్ ట్రోఫీ పెట్టడమంటే మాటలా? స్వయంగా మైదానం కూడా చూసుకున్నారట."

దుర్గాప్రసాద్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మరి? నాను ఏ పనైనా నా కళ్లతో చూసుకుంటాను. ఇరవై నాలుగో తారీఖు, పదకొండుంబావుకి దరఖాస్తు రాశాను. అయిదు నిమిషాల్లో మైదానంలోకెల్లి ఫోటో నానే తీశాను."

"ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి చూశారా?"

"నడవకేం? పిచ్ ఎక్కడెయ్యాలో చూసుకోవద్దా? అడుగులు కూడా కొలిచాను."

"కాళ్లకేమైనా తగిలాయా?"

"తగలడానికేటుంది? గచ్చులాగుంది. ఒక్క పురుగు లేదు, ఒక్క మనిషి లేడు. ఖాళీ!"

"అలాగా! చోళ్ల కుప్పల్లో పిచ్ ఎక్కడ కొలిచారా అని నాకు అనుమానం."

దుర్గాప్రసాద్ నవ్వు సగంలో ఆగిపోయింది. నీలవేణి తన ఫోన్ బల్ల మీద పెట్టింది. ఉదయ్ గడ్డి కిరీటం, వెనక కుప్పలు, ఆ తేదీ. పక్కనే రిజిస్టర్.

"పాతికేళ్ల నుంచి చోళ్లు కొంటున్నారు. ఏ వారంలో నూరుస్తారో మాకంటే మీకే బాగా తెలియాలి. మీరు మైదానంలోకి వెళ్లలేదు, ఫోటో తియ్యలేదు. మీకెవరో పంపించారు. ఇంకో మాట. పేజీ పోయిన సంగతి నాకు పదకొండూ ఐదుకి తెలిసింది. మీకు పదకొండూ పదికెలా తెలిసింది?"

"హెడ్డు గారూ! మీ ముందే ఓ గుంట నన్ను..." దుర్గాప్రసాద్ లేచాడు.

"కూకో" అన్నాడు వరహాలరావు. ఆ మాట ఎవరి వైపు నుంచి వచ్చిందో నమ్మలేక నీలవేణి కూడా ఒకసారి తల తిప్పి చూసింది. హెడ్ కానిస్టేబుల్ మొహం ఎర్రగా ఉంది. "నాతో తప్పుడు మనిషిని పట్టించావు నువ్వు. ఊరి ముందు నన్ను వెర్రోణ్ణి సేసావు. మేడమ్ అడిగిందానికి జవాబు సెప్పు."

దుర్గాప్రసాద్ తాళంచెవులు అందుకున్నాడు. "మా లాయర్‌తో మాట్లాడండి" అని కొట్టు షట్టర్ దించేశాడు. ఒంటి గంటా ఇరవై ఐదుకి, పట్టపగలు పనసగుడలో ఆ షట్టర్ దిగడం జనం మొదటిసారి చూశారు.

*

రెండు గంటలకి నీలవేణి సచివాలయం మేడ మెట్లెక్కింది. ఫోటో కింది అంచున నీలంగా ఒక గీత ఉంది. పొద్దున్న దాన్ని అచ్చు తప్పనుకుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, రిజిస్టర్ ఎత్తి పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసింది. ట్యాంకు నీలం మూత అంచూ, ఫోటోలో నీలం గీతా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

మేడ తలుపు తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఇప్పుడు తీసిచ్చిందీ ఆ మనిషే. తీసిచ్చి, నీలవేణి వెనకే మెట్లెక్కి వచ్చి నిలబడింది.

"అక్కా" అంది ప్రసన్న.

నీలవేణి తిరగలేదు. "ఈ రోజు నువ్వు అన్నం తినలేదు."

"నువ్వూ తినలేదు కదా."

నీలవేణి మైదానం వైపు చెయ్యి చూపించింది. కింద సోని, ఇంకో నలుగురు ఆడపిల్లలు వాలీబాల్ స్తంభాలకి గుంతలు తీస్తున్నారు. కాగితం లేకపోయినా పని ఆపలేదు వాళ్లు.

"మా బాబుకి రెండేళ్లు. బొబ్బిలిలో మా అత్తగారి దగ్గర ఉన్నాడు. నెలకి రెండుసార్లు చూస్తున్నాను. పోయినసారి వెళ్తే నన్ను చూసి ఏడ్చాడక్కా, కొత్త మనిషినని. అక్కడికి బదిలీ చేయిస్తానని దుర్గాప్రసాద్ గారు అన్నారు. ఒక్క బుకింగ్ అటూ ఇటూ చేస్తే చాలన్నారు. డిసెంబర్ మూడున, సాయంత్రం అందరూ వెళ్లాక..." ప్రసన్న చేత్తో కాగితం చింపినట్టు చూపించింది. "ఉత్త క్రికెట్టే కదా, మీరు వేరే చోట ఆడుకుంటారులే అనుకున్నాను."

"పేజీ కాల్చేశావా?"

ప్రసన్న తల అడ్డంగా ఊపింది. చున్నీ మడతలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. ముప్పై ఏడు. ఎనిమిది ఊళ్లు, ఎనిమిది పేర్లు. కొన్ని సంతకాలు కలం కొత్తగా పట్టినట్టు వంకరగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం వేలిముద్ర.

"కాల్చమనే చెప్పారు. అగ్గిపుల్ల కూడా గీశాను. ఈ పేర్లు చూశాక చెయ్యి రాలేదు. వీళ్లు రాసేటప్పుడు నేను ఎదురుగా కూర్చున్నాను కదక్కా. ఒక్కో అక్షరానికీ ఎంత సేపు పట్టిందో చూశాను."

నీలవేణి కాగితం రెండు చేతులతో అందుకుంది. గుండె గంతేసింది. ఆ గంతు పూర్తి కాకుండానే ప్రసన్న అంది:

"ఇది చాలదక్కా. అసలు క్రికెట్టే లేదు. నిన్ననే తెలిసింది. ఆయన ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. క్రిస్‌మస్‌కీ కొత్త సంవత్సరానికీ అరకు వచ్చే టూరిస్టుల కోసం ఇక్కడ గుడారాలు వేస్తారట. రెండు వందల గుడారాలు. విశాఖ నుంచి లారీలు రేపు పొద్దున్న ఏడింటికి దిగుతాయి. ఒకసారి గుడారం మేకు దిగిందంటే సంక్రాంతి దాకా ఇది మైదానం కాదు."

*

కొత్త కార్యదర్శి వచ్చేదాకా పంచాయతీ పనులు చూస్తున్న మండల విస్తరణాధికారి సర్వేశ్వరరావు ఫోన్‌లో అంతా విన్నారు. చిరిగిన పేజీ గురించి విన్నారు, కర్ర గురించి రెండుసార్లు చెప్పించుకున్నారు.

"రేపు పది గంటలకి నేనే వస్తాను నీలవేణీ. చిరిగిన కాగితాన్ని కళ్లతో చూసి, రిజిస్టర్‌తో పోల్చి, కేటాయింపు పత్రం మైదానంలోనే రాసిస్తాను. అమ్మాయిలు ఎనిమిది మందీ ఉండాలి. కానీ ఒక్క సంగతి. నేనొచ్చేసరికి అక్కడ గుడారాలు దిగి ఉంటే, అది రెండు పక్షాల తగాదా అవుతుంది. విచారణ వెయ్యాలి. నెల పడుతుంది."

నెల! వాళ్లకున్నది రేపు ఐదింటి దాకా.

ఫోన్ పెట్టేసి నీలవేణి వరండాలోకి వచ్చింది. మూడూ యాభై. సోని, సుక్రు, వరహాలరావు ఎదురుచూస్తున్నారు. లోపల ప్రసన్న తన తప్పంతా తన చేత్తోనే తెల్లకాగితం మీద రాస్తోంది.

"ఏడింటికి లారీలు. పదింటికి సంతకం. మధ్యలో మూడు గంటలు" అంది నీలవేణి. "హెడ్డు గారూ, లారీలు ఆపగలరా?"

వరహాలరావు తల గోక్కున్నాడు. "ఆర్డర్ లేకుండా లారీనెలా ఆపుతాను మేడమ్? దుర్గాప్రసాద్ మీద కేసు రాత్తాను, అది నా పని. లారీ డ్రైవర్ ఏటి నేరం సేసాడు?"

"అయితే ఇది చదవండి."

గోడ మీద మైదానం నిబంధనల బోర్డు ఉంది. పన్నెండేళ్ల కిందటి రంగు. వరహాలరావు వేలు పెట్టి పైకే చదివాడు. "నాలుగు. బుకింగ్ లేని రోజున మైదానం ముందుగా వచ్చి ఆడుచున్నవారిది. అయిదు. ఆట జరుగుచుండగా మైదానంలోనికి వాహనములు రాకూడదు. అతిక్రమించినచో పోలీసువారు..." ఆగాడు.

"వాళ్ల దొంగ బుకింగైనా పదమూడు నుంచే. రేపు పన్నెండు. రేపు మైదానం ఎవరిదీ కాదు" అంది నీలవేణి. "ఆట జరుగుతుండగా లారీ లోపలికొస్తే మీరేం చెయ్యాలి?"

"ఆపాల" అన్నాడు వరహాలరావు, తన నోటి నుంచి తనే ఆ మాట విని ఆశ్చర్యపోతూ. తర్వాత మెల్లగా మీసం కింద నవ్వాడు. "కానీ ఆడేవోళ్లుండాల గదా మేడమ్, అంత పొద్దున్న, ఈ సలిలో."

సోని అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుంది. "కనకా! నానే, సోనిని. మీ జట్టుని రేపు ఏకువనే లేపు. ఏటి? మంచు కమ్మేస్తాదా? మంచు కమ్మితే ఏటి, బంతి కనపడదేటి నీకు? బేగి బయల్దేరు!"

"అందరికీ ఒకటే చెప్పు సోనీ" అంది నీలవేణి. ఆమె గొంతులో పొద్దున్నటి సంతోషం మళ్లీ వచ్చింది. ఈసారి అది గెంతడం లేదు, నిటారుగా నిలబడింది. "రేపు పొద్దున్న ఆరింటికి ఎనిమిది జట్లూ మైదానంలో ఉండాలి. చొక్కాల మీద ఊరి పేర్లు కనపడాలి. ఆరుంబావుకి మొదటి మ్యాచ్, పనసగుడ, టైడా. రిఫరీ మా ఉదయ్, తోటకి సెలవు పెట్టిస్తాను. గేటు దగ్గర సుక్రు తాత. రోడ్డు మీద హెడ్డు గారు. ఒక మ్యాచ్ అవగానే, నెట్ దింపకుండా, రెండోది."

సోని ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మొత్తం ఎన్ని మ్యాచ్‌లాడాలని అడుగుతున్నారక్కా?"

"సంతకం పడేదాకా అని చెప్పు."